ఒథెల్లో మగతనం ఎవరి చేతుల్లో ఉంది?

మా యింట్లో మగపిల్లాడు ఏడిస్తే రెండు భాషల్లో వాతలు పడేవి. లోపల అమ్మీ ‘మర్ద్ హోకే రోతా క్యా రే’ అనేది. గడప దాటి వీధిలోకొస్తే తెలుగు దోస్తులు ‘మగాడివేనా, గాజులు తొడుక్కో’ అనేవాళ్లు. ఉర్దూకీ తెలుగుకీ లిపి కలవదు. ఒకటి కుడి నుంచి నడుస్తుంది, ఇంకోటి ఎడమ నుంచి. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం రెండూ పాలూ నీళ్లలా కలిసిపోతాయి. మర్ద్ అన్నా మగాడన్నా ఏమిటో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. ఎవడు మగాడు కాదో మాత్రం అందరికీ తెలుసు.

డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం ఒక సబ్జెక్టుగా తీసుకుని షేక్స్‌పియర్ ‘ఒథెల్లో’ చదివినప్పుడు ఆ పరాయి పుస్తకంలో మాకు తెలిసిన ముఖంలా కనబడింది ఈ మాటే. అసూయతో నాశనమైన మహావీరుడి కథ అని గైడులో ఉంది. పరీక్షలో అదే రాశాం. మార్కులూ పడ్డాయి. ఆ తర్వాత పత్రికాఫీసుల్లో ఏళ్ల తరబడి నేరవార్తలు దిద్దాక గానీ, ఇది అసూయ నాటకం కాదు, మగతనం నాటకం అని మాకు తట్టలేదు. అసూయ అందులో నిప్పుపుల్ల మాత్రమే. కిరసనాయిలు అంతకుముందే పోసి ఉంది.

కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. వెనీస్ వ్యాపారుల రాజ్యం. దాని సైన్యానికి సేనాపతి ఒథెల్లో. అతను మూర్, అంటే ఆఫ్రికా ఉత్తరపు కొస నుంచి వచ్చిన నల్లవాడు. సెనేటర్ బ్రబాన్షియో కూతురు డెస్డిమోనా అతన్ని ప్రేమించి తండ్రికి చెప్పకుండా పెళ్లాడుతుంది. అదే రాత్రి తురక నౌకలు సైప్రస్ మీదికి వస్తున్నాయని కబురు. ఒథెల్లోని సైప్రస్ పంపిస్తారు. పదోన్నతి తనకి రాక కాసియోకి పోయిందన్న కక్షతో ఇయాగో అనే జెండామోసే ఉద్యోగి, నీ భార్యకి కాసియోతో సంబంధం ఉందని ఒథెల్లో చెవిలో పోస్తాడు. సాక్ష్యం ఒక చేతిరుమాలు. ఒథెల్లో భార్యని పడకమీదే ఊపిరాడకుండా చేసి చంపుతాడు. నిజం బయటపడ్డాక తనని తాను పొడుచుకుంటాడు. 1604 నవంబరు 1న జేమ్స్ రాజు ముందు ఆడినట్టు రికార్డు ఉంది. కథ ఇటలీ రచయిత చింతియోది, 1565లో అచ్చయింది. చింతియో కథలో డెస్డిమోనాకి తప్ప మిగతా ముఖ్యులెవరికీ పేర్లు లేవు. మూర్, జెండావాడు, కెప్టెన్, అంతే. అందులో ఆమెని ఇద్దరు మగాళ్లూ కలిసి ఇసక నింపిన మేజోడుతో కొట్టి చంపుతారు. షేక్స్‌పియర్ ఆ మోటుతనం తీసేసి చావుని మాటల్లో ముంచి పరిశుభ్రం చేశాడు. అది మెరుగుదలో కాదో మేం ఇప్పటికీ తేల్చుకోలేదు.

గమనించాల్సింది ఒకటుంది. ఈ నాటకంలో యుద్ధం రాదు. రెండో అంకంలో తుపాను వచ్చి తురక నౌకలన్నీ మునిగిపోతాయి. సేనాపతి కత్తి నూరుకుని వచ్చాడు, శత్రువు లేడు. ఏడేళ్ల వయసు నుంచి గుడారాల్లో బతికినవాడు, బానిసగా అమ్ముడుపోయి విడుదలైనవాడు, మగతనాన్ని రుజువు చేసుకోవడానికి యుద్ధం తప్ప ఇంకో చోటు ఎరగనివాడు. వాణ్ణి ఒక కోటలో కొత్త పెళ్లాంతో ఖాళీగా కూచోబెడితే ఏమవుతుంది? రణరంగం పడకగదిలోకి నడిచొస్తుంది.

మూడో అంకంలో అనుమానం తలకెక్కగానే అతను ఏం చేస్తాడో చూడండి. భార్య పోయిందని ఏడవడు. ఉద్యోగానికి వీడ్కోలు చెప్పుకుంటాడు! గుర్రాలు, నగారాలు, జెండాలు, ఫిరంగులు అన్నిటికీ పేరుపేరునా సెలవు చెప్పి, తన వృత్తి ముగిసిపోయిందంటాడు. క్లాసులో ఇది చదివినప్పుడు మాకు నవ్వొచ్చింది. పెళ్లాం మీద అనుమానమొస్తే ఫిరంగులతో ఏం పని? తర్వాత అర్థమైంది. అతని లెక్కలో భార్యా సేనాపతి హోదా వేరు వేరు వస్తువులు కావు. రెండూ వెనీస్ ఇచ్చిన ఒకే సర్టిఫికెట్టు. దాని మీద ఒక మూల చిరిగితే మొత్తం చెల్లదు.

ఆ సర్టిఫికెట్టు ఎలా వచ్చిందో మొదటి అంకంలోనే ఉంది. బ్రబాన్షియో ఈ మూర్‌ని చాలాసార్లు ఇంటికి పిలిచాడు. యుద్ధాల కథలు చెప్పించుకుని విన్నాడు. కథలకి పనికొచ్చినవాడు అల్లుడిగా మాత్రం పనికిరాలేదు. కూతురు మంత్రాలకో మందులకో లొంగి ఉంటుందనీ, ఇలాంటివి సాగనిస్తే రేపు బానిసలూ అన్యమతస్థులూ రాజ్యమేలతారనీ గగ్గోలు పెడతాడు. రంజాన్ నెలలో హలీం కోసం మా గల్లీకి వరసకట్టి, ఇల్లు అద్దెకడిగితే మాత్రం పేరు వినగానే ‘ఇప్పుడే వేరేవాళ్లకి ఇచ్చేశామండీ’ అనే పెద్దమనుషులు మాకూ తెలుసు. బ్రబాన్షియో మాకు కొత్తవాడేం కాదు.

సభలో న్యాయం ఒథెల్లో పక్షానే జరుగుతుంది. ఎందుకు జరిగింది? ఆ రాత్రి డ్యూక్‌కి సేనాపతి కావాలి గనక. తురక నౌకలు ఆ రాత్రి కాక ఒక నెల తర్వాత వచ్చి ఉంటే తీర్పేమయ్యేదో మేం అడుగుతున్నాం. పైగా డ్యూక్ బ్రబాన్షియోని ఓదారుస్తూ, నీ అల్లుడిలో నలుపుకన్నా తెలుపే ఎక్కువన్న అర్థం వచ్చే మాటంటాడు. ‘నువ్వు చూట్టానికి ముస్లింలా ఉండవోయ్’ అని మాకు ఇచ్చే కితాబు లాంటిది. పొగిడినవాడికి తను తిట్టానని తెలియదు. పుచ్చుకున్నవాడు షుక్రియా చెప్పాలి.

ఇంక ఇయాగో. కోల్‌రిడ్జ్ కాలం నుంచీ పండితులు ఇతని దుర్మార్గానికి కారణం వెతుకుతూనే ఉన్నారు, కారణమే లేదని కోల్‌రిడ్జే తేల్చాడు. మాకు అంత వెతుకులాట అక్కర్లేదనిపిస్తుంది. ఒథెల్లో తన పక్కలో దూరాడని బయట అనుకుంటున్నారని ఇయాగోయే చెప్తాడు. నిజమో కాదో తనకి తెలియదట. తెలియకపోయినా నిజమే అన్నట్టు నడుచుకుంటాడట. బయట అనుకుంటున్నారు! మగతనం కాపురముండేది ఆ బయటే. పదోన్నతి పోయింది, పెళ్లాం మీద పుకారు పుట్టింది, రెండూ కలిపి వాడికీ అదే జబ్బు. తన దగ్గర లేని సరుకునే వాడు నాటకమంతా అమ్ముకుంటూ తిరుగుతాడు.

మొదటి కొనుగోలుదారు రోడ్రిగో అనే డబ్బున్న తెలివితక్కువవాడు. డెస్డిమోనా దక్కలేదని నీళ్లలో పడి చస్తానంటాడు. మగాడిలా ఉండు, మునిగి చావడం పిల్లులూ కుక్కపిల్లలూ చేసే పని అని ఇయాగో మందలిస్తాడు. ఆ వెంటనే జేబులో డబ్బు వేసుకో, డబ్బు వేసుకో అని అదే పాట. రోడ్రిగో పొలాలన్నీ అమ్ముకోవడానికి సిద్ధపడతాడు. మగతనం ఈ నాటకంలో మొదటిసారి నోటు మార్చినట్టు మార్చబడింది ఇక్కడే. ఇది హాస్యం కోసం పెట్టిన సన్నివేశమని మా లెక్చరర్ చెప్పారు. మాకు ఇందులో తర్వాత జరగబోయేదానికి రిహార్సలు కనబడుతుంది.

అదే మాట రెండోసారి ఒథెల్లోకి అమ్ముతాడు. మూడో అంకంలో ఒథెల్లో వాడి గొంతు పట్టుకుని సాక్ష్యం చూపించమంటే, నువ్వసలు మగాడివేనా, నీకు ఆత్మ ఉందా, తెలివి ఉందా అని ఎదురు తిరుగుతాడు. నాలుగో అంకంలో ఒథెల్లో మూర్ఛపోయి లేస్తాడు. మనిషి ఒళ్లంతా వణుకుతూ ఉంటుంది. అప్పుడు ఒకే సన్నివేశంలో మళ్లీ మళ్లీ అదే పోటు. నీలాంటి మగాడికి ఈ ఆవేశం తగదంటాడు. జరిగినదాన్ని మగాడిలా భరించమంటాడు. గడ్డమున్న ప్రతి పెళ్లయినవాడూ నీతోపాటు అదే కాడి మోస్తున్నాడంటాడు. ఓర్చుకోకపోతే నువ్వు ఒట్టి కోపమే తప్ప మగాడివి కావనాల్సి వస్తుందంటాడు. ఇందులో ఎంత నేర్పుందో చూడండి. ఓర్చుకోమన్న ప్రతిసారీ ఓర్చుకోలేని గుచ్చుడు గుచ్చుతున్నాడు. మా పేటలో తగాదాలు ఆపడానికని వచ్చి ‘పోనీలే, నీవల్ల కాదులే’ అని వెళ్లిపోయే పెద్దమనుషుల్ని చూసినవాళ్లకి ఈ విద్య తెలిసిందే.

డెస్డిమోనా ప్రేమ గురించి ఇయాగో ఎక్కువ మాట్లాడడు. వెనీస్ గురించి మాట్లాడతాడు. మా ఊరి ఆడవాళ్ల గుట్టు నాకు తెలుసు, నీకు తెలియదు అన్నది వాడి అసలు బాణం. సొంత ఊరివాణ్ణి, సొంత రంగువాణ్ణి కాదని నిన్ను కట్టుకుందంటే ఏదో తేడా ఉందని వాసన చూపించి వదిలేస్తాడు. మిగతాది ఒథెల్లో తనే పూర్తి చేసుకుంటాడు. నేను నల్లవాణ్ణి, నాకు నాజూకు మాటలు రావు, వయసు మళ్లుతోంది అని. పదిహేను నిమిషాల కింద సభలో అందరి ముందూ తల ఎత్తుకు మాట్లాడినట్టున్న మనిషి ఇతనేనా? పరాయివాడి మగతనం అంత అద్దెకొంప. ఇల్లుగలవాడు గుమ్మంలో దగ్గితే చాలు, సామాను సర్దుకోవడం మొదలెడతాడు.

కాసియో గురించి ఒక మాట చెప్పి వదిలేద్దాం. అతని బాధ పరువు. తాగి గొడవపడి ఉద్యోగం పోగొట్టుకుని పరువు పోయిందని ఏడుస్తాడు. అంత పరువు గలవాడు తనని ప్రేమించిన బియాంకాని వీధిలో నవ్వులపాలు చేస్తాడు. ఒథెల్లో చాటునుంచి చూసి తప్పుగా అర్థం చేసుకునేది ఆ నవ్వునే. ఒక ఆడదాన్ని గురించి ఇద్దరు మగాళ్లు నవ్వుకున్న నవ్వు ఇంకో ఆడదాని ప్రాణం తీసింది.

ఇప్పుడు మేం చెప్పాలనుకున్న చోటికి వస్తున్నాం.

మూర్ అనేవాడు పుట్టుకతో ఏ మతంవాడో నాటకం చెప్పదు. బాప్తిస్మం పొందినవాడని ఇయాగో మాటల్లో తెలుస్తుంది. రెండో అంకంలో రాత్రి కొట్లాట ఆపడానికి వచ్చిన ఒథెల్లో, మనం తురకలమైపోయామా అన్నట్టు సైనికుల్ని కసురుతాడు. ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్లకి తురకగా మారడమంటే మతం మారడం, మోసం చెయ్యడం, మనిషితనం పోగొట్టుకోవడం, అన్నీ కలిపి ఒకటే మాట. తెలుగులోనూ మతం మారినవాణ్ణి ‘తురకల్లో కలిశాడు’ అనే అంటారు. ఎక్కడి టర్కీ, ఎక్కడి తెలంగాణ! టర్కీ దేశం వాడి పేరు ఇక్కడ దూదేకుల సాయిబుకీ గాజుల సాయిబుకీ అంటుకుంది.

నాటకం ఆడే నాటికి సైప్రస్ తురకల చేతుల్లోకి పోయి ముప్పై ఏళ్లు దాటింది. 1570లో నికోసియా, 1571లో ఫమగుస్తా పడిపోయాయి. తుపానులో తురక నౌకలు మునగడం చూసి చప్పట్లు కొట్టే ప్రేక్షకుడికి ఆ ద్వీపం తమది కాదని తెలుసు. 1600లో మొరాకో సుల్తాను రాయబారి అబ్దుల్ వాహిద్ లండన్‌లో కొన్ని నెలలున్నాడు. అతని చిత్రపటం ఇప్పటికీ ఉంది, తెల్లని తలపాగా, నడుముకి కత్తి. స్పెయిన్‌కి వ్యతిరేకంగా సుల్తానుతో పొత్తు కోసం మాట్లాడుతున్న ఆ ఎలిజబెత్ పేరుమీదే, నల్లవాళ్లని దేశం నుంచి పంపించెయ్యాలన్న ఫర్మానా ముసాయిదా 1601లో తయారైంది. రాయబారికి దర్బారు, పేదవాడికి దారి. ఒథెల్లో పుట్టిన గాలి ఇది.

ఆఖరి అంకం మా క్లాసులో చదివిన రోజు మాకు ఇప్పటికీ గుర్తే. చచ్చేముందు ఒథెల్లో చెప్పే చివరి సంగతి ఇది. ఒకప్పుడు అలెప్పోలో, మన ఉర్దూలో హలబ్ అంటామే, అక్కడ తలపాగా చుట్టిన తురక ఒకడు వెనీస్‌వాణ్ణి కొట్టి వెనీస్ రాజ్యాన్ని నిందిస్తే, వాడి గొంతు పట్టుకుని పొడిచి చంపానని చెప్పి, ఇదిగో ఇలా అంటూ తన్ను తాను పొడుచుకుంటాడు. ఆ తురకని కుక్కతో పోలుస్తాడు. కుక్కకి ముందు సున్తీ అయినవాడన్న విశేషణం కూడా చేరుస్తాడు. లెక్చరర్ ఆ మాట దగ్గర ఆగారు. ‘టర్క్ అంటే మన తురకోళ్లేనోయ్’ అని నవ్వుతూ, ఆ రెండో మాటకి అర్థం మేం చెప్పగలమన్నట్టు మా వైపు చూశారు. క్లాసంతా తిరిగి చూసింది. నవ్వింది. మేమూ నవ్వాం. నవ్వకపోతే స్పోర్టివ్‌నెస్ లేనివాడు, ఉడుక్కునేవాడు, మగాడు కాదు. ఆ నవ్వు మేం ఎందుకు నవ్వామో తెలుసుకోవడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది. ఒథెల్లో కత్తి ఎవరి మీద దిగిందో తెలిసిందీ అప్పుడే. అతను చంపినవాడూ, చచ్చినవాడూ ఆ తురకే. చివరి ఊపిరిలో కూడా రాజ్యానికి విధేయత నిరూపించుకోవాలి. దానికి తన చర్మంలోనే శత్రువుని వెతికి పొడవాలి. క్రికెట్ మ్యాచ్ రోజున పక్కింటివాళ్లకన్నా గట్టిగా చప్పట్లు కొట్టాల్సి రావడం దీనికి చాలా చిన్న రూపం.

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం రాయడం సులువు. ఒథెల్లో మనవాడు, అన్యాయమైపోయాడు, వెనీస్ దోషి అని దస్తూరీ వేసి పంపించెయ్యొచ్చు. మా మిత్రుల్లో కొందరు అలాగే చదువుతారు. కానీ ఆ గదిలో మంచం మీద ఒక ఆడమనిషి శవం ఉంది. ఆమెని చంపింది వెనీస్ కాదు.

డెస్డిమోనా ఒథెల్లో కథలు విని, దేవుడు అలాంటి మగాణ్ణి తనకోసం పుట్టిస్తే బాగుండుననో, తననే అలాంటి మగాడిగా పుట్టిస్తే బాగుండుననో అనుకుందట. షేక్స్‌పియర్ వాక్యం రెండు విధాలా చదవొచ్చు. మాకు రెండో అర్థమే ఇష్టం. ఇంట్లో కూర్చోను, నేనూ యుద్ధానికి వస్తానని నిండుసభలో అడిగిన పిల్ల ఆమె. కాసియో ఆమెని మా కెప్టెన్‌కే కెప్టెన్ అంటాడు. అలాంటి పిల్లని మూడు అంకాలు తిరిగేసరికి, రాయబారి ముందు మొగుడు చెంప మీద కొడితే ఏడుస్తూ వెళ్లిపోయే ఇల్లాలిగా కుదించారు. కొట్టింది చూసి లొడొవికో ఆశ్చర్యపోతాడు, నొచ్చుకుంటాడు, ఈయనేనా సెనేటు మెచ్చిన వీరుడు అని విచారిస్తాడు. ఆమెని వెంట తీసుకెళ్లడు. మొగుడూ పెళ్లాల మధ్య మనమెందుకని వెనీస్ దొరలకీ తెలుసు. చచ్చే ముందు ఎవరు చేశారని అడిగితే ఎవరూ కాదు, నేనే అంటుంది డెస్డిమోనా. దీన్ని పాతివ్రత్యమని మెచ్చుకున్నవాళ్లున్నారు. మాకు ఆ మాట వింటే వళ్లు మండుతుంది. ఆస్పత్రి కాలినగాయాల వార్డులో ‘స్టవ్ పేలింది’ అని వాంగ్మూలమిచ్చిన ఆడవాళ్ల గొంతు అది.

చంపేముందూ చంపాకా ఒథెల్లో వాడే మాట పరువు. ద్వేషంతో చెయ్యలేదు, అంతా పరువు కోసమే చేశానంటాడు. ఉర్దూలో దీనికి గైరత్ అనే అందమైన మాటుంది. ముషాయిరాల్లో వింటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. దేశానికి గైరత్, కౌముకి గైరత్, చివరికి తిరిగి తిరిగి అది ఇంట్లో ఆడపిల్ల మెడ దగ్గర ఆగుతుంది. బయట తురకోడా అని పిలిపించుకుని తలవంచుకొచ్చినవాడు ఇంట్లో తల ఎత్తాలంటే ఎవరో ఒకరు వంగాలి. పీడించబడినవాడి మగతనం కూడా మగతనమే. దాని కిందపడి నలిగినవాళ్లకి వాడు ఎక్కడ పీడించబడ్డాడన్నది ఊరట కాదు.

ఈ సంగతి నాటకంలో తెలిసిన మనిషి ఎమిలియా ఒక్కతే. ఇయాగో పెళ్లాం. మొగుడి మెప్పు కోసం రుమాలు తీసిచ్చింది కూడా ఆమే, ఆ తప్పు ఆమెకుంది. మగాళ్లంతా ఒట్టి పొట్టలు, ఆడవాళ్లు తిండి, ఆకలేస్తే తినడం, నిండితే తేన్చడం అన్నంత మాట మూడో అంకంలో అంటుంది. నాలుగో అంకం చివర డెస్డిమోనా జుట్టు విప్పుతూ ఇంకా ముందుకు పోతుంది. భార్యలు తప్పుచేస్తే అది మొగుళ్ల తప్పే, ఆడవాళ్లకీ చూపూ వాసనా రుచీ ఉన్నాయి, మీరు నేర్పిందే మేం చేస్తాం అని. 1622లో వచ్చిన మొదటి ముద్రణలో ఈ మాటలు లేవు. మరుసటి ఏడు వచ్చిన పెద్ద సంపుటంలో ఉన్నాయి. షేక్స్‌పియర్ తర్వాత చేర్చాడా, ఎవరో కోసేశారా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. డెస్కు మీద పనిచేసినవాళ్లం గనక మా అనుమానం కోసేసినవాళ్ల మీదే. స్థలం చాలనప్పుడు మొదట పోయేవి ఎవరి మాటలో మాకు బాగా తెలుసు.

ఐదో అంకంలో ఎమిలియా తలుపు తోసుకొచ్చి అరుస్తుంది. ఒథెల్లో కత్తి చూపిస్తే నీ కత్తికి భయపడనంటుంది. ఇయాగో నోరుమూసుకుని ఇంటికి పొమ్మంటే, మొగుడికి లొంగడం ధర్మమే కానీ ఇప్పుడు కాదంటుంది. ఇన్ని అంకాలు మగతనం గురించి విన్నాం కదా, ధైర్యం అన్నది నాటకంలో కనబడింది ఇక్కడే. ఇయాగో ఆమెని వెనకనుంచి పొడిచి పారిపోతాడు. మగాడిలా ఉండమని ఊరందరికీ చెప్పినవాడు చేసిన పని అది.

విమర్శకుల సంగతి చెప్పుకోవాలంటే, 1693లో థామస్ రైమర్ ఒక రుమాలు కోసం ఇంత గొడవా అని ఎగతాళి చేశాడు. 1904లో బ్రాడ్లీ ఒథెల్లోని మహోన్నతుడన్నాడు. 1927లో ఎలియట్ చివరి ప్రసంగం ఆత్మవంచన అన్నాడు, 1937లో లీవిస్ ఆ మహోన్నతుణ్ణి ఇంకా కిందికి దించాడు. మా తరం కాలేజీ నోట్సులన్నీ ఈ ముగ్గురు నలుగురి తగాదాయే. అతను ఎంత ఎత్తు మనిషి అని కొలుచుకోవడంలోనే వాళ్ల కాలం గడిచింది. ఆడవాళ్లు విమర్శలోకి వచ్చాక గానీ చర్చ మంచం వైపు తిరగలేదు.

రంగస్థలం మీద ఇంకో కథ నడిచింది. నల్ల నటుడు ఐరా ఆల్డ్రిడ్జ్ 1833లో లండన్ కొవెంట్ గార్డెన్‌లో ఒథెల్లో వేస్తే పత్రికలు విషం కక్కాయి. 1848లో కలకత్తాలో బైష్ణబ్ చరణ్ ఆఢ్య అనే బెంగాలీ, ఇంగ్లీషు నటులతో కలిసి ఆ వేషం వేశాడు. 1943లో పాల్ రాబ్సన్ బ్రాడ్వేలో 296 ప్రదర్శనలిచ్చాడు. నల్లవాడు ఆ వేషం వెయ్యడమే ఒక గెలుపు. కానీ ఘనాలో పుట్టిన నటుడు హ్యూ క్వార్షీ 1999లో వేరే ప్రశ్న వేశాడు. నల్లవాడు సహజంగానే ఆవేశపరుడు, పెళ్లాన్ని చంపేవాడు అన్న నమ్మకాన్ని నల్ల నటుడే వేషం కట్టి ఎందుకు నిజం చెయ్యాలని. 2015లో చివరికి తనే ఆ వేషం వేశాడు. ఈసారి ఇయాగో కూడా నల్ల నటుడే, లూసియన్ మ్సమాటి. ఆ ఏర్పాటుతో తప్పు రంగు మీదినుంచి జారి మగతనం మీదికి వచ్చి కూచుంది.

మన దగ్గర 1997లో జయరాజ్ మలయాళంలో ‘కళియాట్టం’ తీశాడు, ఒథెల్లో తెయ్యం వేషగాడయ్యాడు. 2006లో విశాల్ భరద్వాజ్ ‘ఓంకార’లో సగం బ్రాహ్మడయ్యాడు. రుమాలు వడ్డాణమైంది. రెండింటిలోనూ రంగు కులంగా మారింది. కులం ఈ దేశపు నిజం, కాదనం. అయినా మూర్‌ని సాయిబుగా చెయ్యడానికి ఇద్దరికీ చెయ్యి ఆడలేదు. చేసి ఉంటే అనుమానంతో పెళ్లాన్ని చంపిన సాయిబుని చూసి హాల్లో ఏమనుకునేవాళ్లో ఊహించుకుంటే, చెయ్యకపోవడమే మేలయిందేమో అనిపిస్తుంది. ‘ఓంకార’లో మాకు నచ్చిన మార్పు వేరే ఉంది. అందులో ఇయాగో భార్య చావదు. మొగుణ్ణి తనే చంపుతుంది.

చివరి ప్రసంగం దగ్గరికి మళ్లీ వెళ్తున్నాం, పాత్రికేయులం గనక. ఒథెల్లో చచ్చేముందు వెనీస్ దొరల్ని ఒకటి అడుగుతాడు. మీరు ఉత్తరాల్లో ఈ సంగతులు రాసేటప్పుడు ఉన్నదున్నట్టు రాయండని. అని ఊరుకోడు, ఎలా రాయాలో తనే చెప్తాడు. అతిగా ప్రేమించినవాడని, ఎవరో రెచ్చగొడితే కలవరపడ్డాడని, విలువైన ముత్యాన్ని చేజేతులా పారేసుకున్నాడని. చంపాడన్న మాట ఆ ప్రసంగంలో ఎక్కడా లేదు. తన వార్త తనే రాయించుకున్నాడు. నాలుగు వందల ఏళ్లుగా అందరం దాన్నే అచ్చేస్తున్నాం.

1959లో బొంబాయిలో నౌకాదళ అధికారి నానావతి భార్య ప్రియుణ్ణి కాల్చి చంపితే, జ్యూరీలో తొమ్మిది మందిలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు. హైకోర్టు ఒప్పుకోలేదు, 1961లో సుప్రీంకోర్టూ యావజ్జీవం ఖాయం చేసింది, 1964లో క్షమాభిక్ష దొరికింది. ఆ మధ్యకాలంలో ‘బ్లిట్జ్’ పత్రిక అతన్ని యూనిఫారంలోని నిండు మగాడిగా నిలబెట్టింది. ఒథెల్లో ఉత్తరం ఎలా రాయమన్నాడో అలాగే రాశారు. భార్యని భర్త ఆస్తిగా చూసిన 497 సెక్షన్ని సుప్రీంకోర్టు 2018లో కొట్టేసింది. మా డెస్కులో మాత్రం ఆ సెక్షను ఇంకా అమల్లోనే ఉంది.

‘శీలాన్ని శంకించి’. ‘అనుమానం పెనుభూతమై’. ఈ రెండు మాటలు మేం ఎన్ని వందల సార్లు రాశామో లెక్కలేదు. ఎవరో పొలంలోనో కిరాయి గదిలోనో ఒక ఆడమనిషిని నరికితే, ఆమె శీలం గురించిన ప్రస్తావన లేకుండా వార్త మొదలయ్యేది కాదు. చంపింది సాయిబైతే పేరు హెడ్డింగులోకి వచ్చేది. కాకపోతే ‘భర్త’ అని ఉండేది.

మొన్నామధ్య అలాంటి వార్త ఒకటి మా చేతికొచ్చింది. ‘భార్యని చంపాడు’ అని రెండు ముక్కల్లో మొదలుపెట్టి, శీలం ఊసు తీసేసి, పేజీకి పంపించి ఇంటికెళ్లాం. పొద్దున్నే పేపరు తెరిచి చూస్తే మొదటి వాక్యంలో ‘అనుమానంతో’ తిరిగొచ్చి కూచుంది. ఎవరు చేర్చారని అడిగాం. వార్త బోడిగా ఉందండీ, కారణం ఉండాలి కదా అన్నాడు రాత్రి డ్యూటీ కుర్రాడు.